ఏడు చేపల కథతో ఇంగ్లీషు గ్రామర్

మా పిన్ని మొదటిసారి అమెరికా వెళ్ళింది కూతురి పురిటికి. పెట్టె నిండా సున్నుండలు, కందిపొడి, మూత చుట్టూ నాలుగు వరసలు టేపు వేసిన ఆవకాయ డబ్బా. దిగిన ఎయిర్‌పోర్టులో ఆఫీసరు "యు డోంట్ హ్యావ్ ఎనీ ఫ్రూట్స్ ఆర్ సీడ్స్?" అని అడిగాడట. పండ్లూ విత్తనాలూ ఏమీ లేవు కాబట్టి పిన్ని ధైర్యంగా "యెస్" అంది. ఆవిడ లెక్కలో అది "అవును, లేవు". ఆయన లెక్కలో "ఉన్నాయి". పెట్టె మొత్తం విప్పించారు. ఏమీ దొరకలేదు గానీ, సున్నుండలు మాత్రం పొడిపొడి అయ్యాయి.

పిన్నికి ఇంగ్లీషు మాటలు రాక ఇది జరగలేదు. ఫ్రూట్స్ తెలుసు, సీడ్స్ తెలుసు, యెస్ తెలుసు. తెలుగు వ్యాకరణంలో ఆలోచించి ఇంగ్లీషు మాట పలికింది, అంతే. తెలుగు మీడియంలో చదివిన మనలో చాలామంది చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. తెలుగు ఎక్కడ ఎటు తిరుగుతుందో, ఇంగ్లీషు అక్కడ ఎటు తిరుగుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే అవి తొందరగా దొరికిపోతాయి. నేనూ పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూలు, ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డవాణ్ణి. నా మొదటి ఇంటర్వ్యూలో "ఐ డిడ్ నాట్ కేమ్ లేట్ సర్" అన్నాను. లేటుగా రాలేదన్నది నిజమే. ఉద్యోగం మాత్రం రాలేదు.

తిరిగొచ్చాక పిన్ని "ఒరే, నాకు కాస్త గ్రామర్ చెప్పరా" అంది. మూడు నెలలు పట్టింది. అప్పుడు ఏ వరసలో చెప్పానో అదే వరసలో ఇక్కడ చెబుతున్నాను. ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలోనే రాశాను, ముందు చెవికి అలవాటు పడాలని. మీ నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి.

మొదలుపెట్టే ముందు పక్కన పెట్టేయాల్సినవి

మొదటి పేజీలోనే ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్, పన్నెండు టెన్సుల పట్టిక ఉన్న లావుపాటి పుస్తకం మీ ఇంట్లో ఉంటే దాన్ని మూడు నెలలు అటక మీద పెట్టండి. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ కూడా దానితోపాటే. అవి పరీక్షలకి కావాలి, కాదనను. కానీ నోరు తెరిచి మాట్లాడాలన్నా, ఆఫీసుకి నాలుగు లైన్ల మెయిల్ రాయాలన్నా మొదట కావాల్సింది అవి కావు.

కావాల్సింది ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్, రోజుకి అరగంట, ఏడు చేపల కథ. అవును, చిన్నప్పుడు విన్న కథే. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

క్రియని లాక్కొచ్చి మధ్యలో పెట్టండి

తెలుగులో క్రియ చివర్న కూర్చుంటుంది. "నేను అన్నం తిన్నాను." ఇంగ్లీషులో కర్త పక్కనే ఉంటుంది. "ఐ ఏట్ రైస్." ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ వాక్యం పొడుగైతే మర్చిపోతాం. "నిన్న మా తమ్ముడు బజార్లో రెండు కిలోల మామిడిపండ్లు కొన్నాడు" అనాలంటే ఎవరు అన్న వెంటనే ఏం చేశాడో చెప్పేయాలి. "మై బ్రదర్ బాట్ టూ కిలోస్ ఆఫ్ మ్యాంగోస్ ఇన్ ద మార్కెట్ ఎస్టర్డే." చూడండి, తెలుగులో ముందున్న "నిన్న" అక్కడ చివరికి పోయింది. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎక్కడ, ఎప్పుడు. ఈ వరస నోట్‌బుక్ అట్ట మీద రాసి పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో చిక్కు. తెలుగులో "వెళ్ళాను" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు. క్రియ తోకలోనే మనిషి ఉన్నాడు. "వెళ్ళావు" అంటే నువ్వు, "వెళ్ళాడు" అంటే వాడు. ఇంగ్లీషు "వెంట్"కి ఆ తోక లేదు. అందుకని కర్తని చెప్పి తీరాలి. ఎంతగా అంటే, అసలు కర్తే లేని చోట కూడా ఒక ఉత్తుత్తి కర్తని నిలబెడతారు. "వాన పడుతోంది" అంటే "ఇట్ ఈజ్ రెయినింగ్". "ఏడయింది" అంటే "ఇట్ ఈజ్ సెవెన్". "ఎండగా ఉంది" అంటే "ఇట్ ఈజ్ హాట్". ఈ "ఇట్" ఎవరని పిన్ని అడిగింది. ఎవరూ కాదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టిన మనిషి.

లేని "ఈజ్" పెట్టండి

"మా ఆయన టీచర్." తెలుగులో ఇది పూర్తి వాక్యం, ఇందులో క్రియ లేదు. ఇంగ్లీషులో క్రియ లేకుండా వాక్యం నిలవదు. "మై హజ్బెండ్ ఈజ్ ఎ టీచర్." "మాది గుంటూరు" అంటే "ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు". "నా పేరు లక్ష్మి" అంటే "మై నేమ్ ఈజ్ లక్ష్మి". "మైసెల్ఫ్ లక్ష్మి" అనకండి. అందులో క్రియే లేదు, పైగా "మైసెల్ఫ్" అక్కడ కూర్చోదు.

ఐకి యామ్. హి, షి, ఇట్‌లకి ఈజ్. వి, యు, దేలకి ఆర్. జరిగిపోయిన కాలంలో అయితే యామ్, ఈజ్ రెండూ వాజ్ అవుతాయి, ఆర్ వేర్ అవుతుంది. ఇది ఎక్కంలా బట్టీ పట్టాల్సిందే, ఇందులో తర్కం వెతక్కండి.

ఒక్క చోట మాత్రం తర్కం ఉంది. ఒక్క మనిషిని "యు" అన్నా "ఆర్" ఎందుకు? ఇంగ్లీషులో పూర్వం "నువ్వు"కి "దౌ" అనే వేరే మాట ఉండేది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ నిండా అది కనిపిస్తుంది. "యు" అంటే అప్పట్లో మన "మీరు". రానురాను మర్యాద కొద్దీ అందరూ అందర్నీ "మీరు" అనడం మొదలుపెట్టి "నువ్వు"ని వదిలేశారు. "మీరు" పక్కన "ఉన్నావు" రాదు కదా, అందుకే "యు" పక్కన "ఈజ్" రాదు.

అదే మర్యాద మనల్ని ఇంకో చోట ఇబ్బంది పెడుతుంది. "తాతయ్య వచ్చారు" అని బహువచనం వాడే అలవాటు కదా, "గ్రాండ్‌ఫాదర్ ఆర్ కమింగ్" అనేస్తాం. "హి ఈజ్ కమింగ్" అంటే ఏదో అగౌరవంగా, "వాడు వస్తున్నాడు" అన్నట్టు తోస్తుంది. మొహమాటపడకండి. ఇంగ్లీషు క్రియలో మర్యాద లేదు, రాష్ట్రపతి అయినా "హి ఈజ్", "షి ఈజ్" అంటారు. మర్యాదంతా "ప్లీజ్"లో, "కుడ్ యు"లో ఉంటుంది.

"నాకు" ఉన్న చోట "ఐ" వేసి చూడండి

పిన్నికి అన్నిటికన్నా నచ్చిన పాఠం ఇది. తెలుగులో ఆకలి, జ్వరం, కోపం, జ్ఞాపకం, ఇష్టం, పిల్లలు అన్నీ మనకి వస్తాయి, మనకి ఉంటాయి. ఇంగ్లీషు వాడు వాటన్నిటికీ తనే యజమాని. నాకు ఆకలిగా ఉంది, "ఐ యామ్ హంగ్రీ". నాకు జ్వరం, "ఐ హ్యావ్ ఎ ఫీవర్". నాకు ఇద్దరు కూతుళ్ళు, "ఐ హ్యావ్ టూ డాటర్స్". నాకు తెలుసు, "ఐ నో". నాకు కావాలి, "ఐ వాంట్". నాకు గుర్తుంది, "ఐ రిమెంబర్". నాకు ఈత వచ్చు, "ఐ కెన్ స్విమ్". నాకు తెలుగు వచ్చు, "ఐ నో తెలుగు".

ఈ మాటల్లో నో, వాంట్, రిమెంబర్, లైక్, హ్యావ్ అనేవాటికి ఇంగ్ తగిలించకండి. "ఐ యామ్ హ్యావింగ్ టూ డాటర్స్", "ఐ యామ్ నోయింగ్ హిమ్" మన దగ్గర బాగా వినిపిస్తాయి. "నాకు తెలుస్తున్నాడు" అంటామా? అనం. అదే కొలత.

టెన్సులు నాలుగు చాలు, కానీ ఒక మోసం ఉంది

ఈ రెండు వాక్యాలు చూడండి. "నేను రోజూ గుడికి వెళ్తాను." "నేను రేపు గుడికి వెళ్తాను." రెండిట్లోనూ "వెళ్తాను". అలవాటుకీ, రేపటికీ తెలుగు ఒకే రూపంతో సరిపెట్టేస్తుంది. ఇంగ్లీషులో అవి రెండు. రోజూ అయితే "ఐ గో టు ద టెంపుల్ ఎవ్రీ డే". రేపైతే "ఐ విల్ గో టు ద టెంపుల్ టుమారో". కాబట్టి "తాను, తావు, తాడు, తుంది" వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, రోజూనా రేపా అని అడగండి. రోజూ అయితే ఉత్త క్రియ, రేపైతే విల్.

ఇప్పుడు జరుగుతోంది అంటే యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి, దాని పక్కన ఇంగ్. "వండుతున్నాను", "ఐ యామ్ కుకింగ్". ఇది తెలుగుకి బాగా దగ్గర, పెద్దగా కష్టపడక్కర్లేదు. జరిగిపోయింది అంటే క్రియ రెండో రూపం. "వండాను", "ఐ కుక్డ్".

రోజూ చేసే పనుల్లో హి, షి, ఇట్ వస్తే క్రియకి "స్" తగులుతుంది. "షి కుక్స్", "హి వర్క్స్". దీన్ని మర్చిపోవడం పరీక్షల్లో మార్కులు పోయే మొదటి చోటు. పిన్ని కూడా విసుక్కుంది, ఒక్కదానికే ఎందుకు తోక అని. నేను తెలుగు చూపించాను. వండుతాను, వండుతావు, వండుతాడు, వండుతుంది, వండుతారు, వండుతాం. మూడేళ్ళ పిల్ల కూడా ఈ ఆరు తోకలూ తడబడకుండా మారుస్తుంది. వాళ్ళది ఒక్కటే.

రెండో రూపాల్ని జంటలుగా, పాటలా గుంపులు కట్టుకుని నేర్చుకోండి. బ్రింగ్ బ్రాట్, బై బాట్, థింక్ థాట్, క్యాచ్ కాట్, టీచ్ టాట్ ఒక గుంపు. మారనే మారనివి పుట్, కట్, హిట్, షట్ ఒక గుంపు. గివ్ గేవ్, కమ్ కేమ్, ఈట్ ఏట్ ఇంకో గుంపు. గో వెంట్ మాత్రం ఏ గుంపులోనూ కలవదు. దాని మీద కోపం వస్తే మన "వచ్చు" సంగతి గుర్తు చేసుకోండి. వచ్చాను అంటాం, కాదనాలంటే "రాలేదు" అంటాం. "వచ్చు"కీ "రా"కీ ఏం పోలిక ఉంది?

రాలేదు: ఈ పాఠం మీద వారం రోజులు కూర్చోండి

నా ఇంటర్వ్యూ తప్పు ఇక్కడిది. "డిడ్ నాట్ కేమ్", "డిడంట్ వెంట్", "డిడ్ యు ఏట్?" ఇవి ఎంత చదువుకున్నవాళ్ళ నోట్లోంచైనా జారిపోతాయి. క్లాసులో "డిడ్ తర్వాత మొదటి రూపం రావాలి" అని సూత్రం చెప్పేవారు. గుర్తుండేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు నేను మాట్లాడుతున్న తెలుగు నాకే వినిపించింది.

"వచ్చాను." కాదనాలంటే? "రాలేదు." ఎవరమూ "వచ్చాను లేదు" అనం. కాలాన్ని, కాదనడాన్ని "లేదు" మోస్తోంది. అందుకని "రా" అనే క్రియ తోక వదిలేసి ఉత్తదిగా నిలబడింది. తిన్నాను, తినలేదు. చూశాను, చూడలేదు. ఇచ్చాను, ఇవ్వలేదు. ఇంగ్లీషులో జరిగేదీ అచ్చంగా ఇదే. "డిడంట్" అంటే "లేదు". అది కాలాన్ని మోస్తోంది కాబట్టి "కేమ్" మళ్ళీ ఉత్త "కమ్" అయిపోయింది. ఐ కేమ్, ఐ డిడంట్ కమ్. ఐ ఏట్, ఐ డిడంట్ ఈట్. ఐ గేవ్, ఐ డిడంట్ గివ్. "డిడంట్ కేమ్" అంటే "వచ్చాను లేదు" అన్నంత వికారంగా ఉంటుంది ఇంగ్లీషు చెవికి.

"స్" సంగతీ అంతే. షి కుక్స్, షి డజంట్ కుక్. "డజ్"లోకి ఆ "స్" ఎగిరి కూర్చుంది, ఇక "కుక్" దగ్గర దానికి పని లేదు. ప్రశ్న కూడా ఇంతే. తెలుగులో చివర్న దీర్ఘం తీస్తే ప్రశ్న. వచ్చాడు, వచ్చాడా? ఇంగ్లీషులో దీర్ఘానికి బదులు డు, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని ముందుకు తెచ్చి పెడతారు. హి కేమ్. డిడ్ హి కమ్? షి కుక్స్. డజ్ షి కుక్? యామ్, ఈజ్, ఆర్, విల్, కెన్ ఉన్న వాక్యాలకి ఇదీ అక్కర్లేదు, వాటినే ముందుకు లాగితే సరి. హి ఈజ్ కమింగ్. ఈజ్ హి కమింగ్?

ఇక ఏడు చేపల కథ తీయండి. ఆ కథంతా "ఎందుకు చేయలేదు", "ఎందుకు చేశావు" అనే రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది. ఈ పాఠానికి ఇంతకన్నా మంచి ఎక్సర్‌సైజ్ నాకెక్కడా దొరకలేదు. మా వైపు చెప్పే వరసలో చెబుతున్నాను, మీ ఊళ్ళో వేరేగా ఉంటే మీ వరసే రాసుకోండి.

అనగనగా ఒక రాజు. "దేర్ వాజ్ ఎ కింగ్."
ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. "ద కింగ్ హ్యాడ్ సెవెన్ సన్స్."
కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. "ద సన్స్ వెంట్ హంటింగ్ అండ్ బ్రాట్ సెవెన్ ఫిష్."
ఎండబెట్టారు. "దే పుట్ ద ఫిష్ ఇన్ ద సన్."
ఒక చేప ఎండలేదు. "వన్ ఫిష్ డిడంట్ డ్రై."
చేపా చేపా ఎందుకు ఎండలేదు? "ఫిష్, ఫిష్, వై డిడంట్ యు డ్రై?"
గడ్డిమోపు అడ్డమొచ్చింది. "ఎ బండిల్ ఆఫ్ గ్రాస్ కేమ్ ఇన్ ద వే."
గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు? "బండిల్, బండిల్, వై డిడ్ యు కమ్ ఇన్ ద వే?"
ఆవు మేయలేదు. "ద కౌ డిడంట్ ఈట్ మీ."
ఆవూ ఎందుకు మేయలేదు? "కౌ, కౌ, వై డిడంట్ యు ఈట్?"

కేమ్ కాస్తా ప్రశ్నలోకి రాగానే కమ్ అయింది చూశారా? ఇక్కడి నుంచి మీరే రాయండి. పాలేరు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. ఏడ్చాడు "క్రైడ్", కుట్టింది "బిట్". ప్రశ్నల్లో అవి "క్రై", "బైట్" అయిపోవాలి. రాశాక పైకి చదవండి, పుస్తకం మూసి చెప్పండి. వారం రోజులు రోజుకొకసారి చెబితే "డిడంట్ కేమ్" అనడానికి నోరు ఒప్పుకోదు. పిన్నికి నాలుగో రోజుకే పట్టుబడింది, అన్నం వడ్డిస్తూ "వై డిడంట్ యు ఈట్?" అని నన్నే అడగడం మొదలుపెట్టింది.

అవునా, కాదా

సున్నుండలు పొడైన సంగతి ఇప్పుడు తేల్చేద్దాం. "నువ్వు రాలేదా?" అంటే మనం "అవును, రాలేదు" అంటాం. అడిగినవాడి మాట నిజమని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లీషులో అడిగినవాడి మాటతో పని లేదు, జరిగిందా లేదా అన్నదే లెక్క. జరిగితే యెస్, జరగకపోతే నో. "డిడంట్ యు కమ్?" "నో, ఐ డిడంట్." ఉంటే యెస్, లేకపోతే నో. ఎప్పుడైనా సందేహం వస్తే ఒంటి మాటతో ఆపకండి, వెనక తోక కూడా చెప్పండి. "నో, ఐ డోంట్" అని ఉంటే పిన్ని పెట్టె విప్పేవాళ్ళు కాదు.

ఎ, యాన్, ద

తెలుగులో ఆర్టికల్స్ లేవంటారు. పేరు లేదు గానీ పని ఉంది. కథ మొదటి రెండు వాక్యాలు మళ్ళీ చూడండి. అనగనగా "ఒక" రాజు, "ఆ" రాజుకి ఏడుగురు కొడుకులు. వినేవాడికి కొత్తగా పరిచయం చేస్తే "ఒక", అదే "ఎ". పరిచయం అయిపోయాక "ఆ", అదే "ద". మన నోట్లో ఈ "ఒక", "ఆ" చాలాసార్లు మింగేస్తాం, ఇంగ్లీషులో మింగకూడదు. తేడా అంతే. సూర్యుడిలా ఒక్కటే ఉన్నవాటికి పరిచయం అక్కర్లేదు, నేరుగా "ద సన్". మనుషుల పేర్లకీ ఊళ్ళ పేర్లకీ ఏదీ పెట్టకండి. దీనికి పైన వంద మినహాయింపులున్నాయి, అవి చదువుతూ ఉంటే వాటంతట అవే పడతాయి.

ఎ, యాన్ తేడా మాత్రం చెవి పని. బళ్ళో యడాగమం చదువుకున్నారు కదా, మా అమ్మ మాయమ్మ అవుతుందని. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే నోటికి ఇబ్బంది, మధ్యలో మనం "య" పెడతాం. ఇంగ్లీషు వాళ్ళు "న్" పెడతారు. ఎ ప్లస్ ఎగ్, యాన్ ఎగ్. మనకి చిక్కేమిటంటే, మాట మొదట్లోనే మనం య చేర్చి పలికేస్తాం. ఎమ్మెల్యేని యెమ్మెల్యే అంటాం, తెలుగులో రాసేటప్పుడు యాపిల్, యాంట్ అని రాస్తాం. అక్కడ ఇంగ్లీషు నోట్లో య లేదు, అచ్చే ఉంది. అందుకే యాన్ యాపిల్, యాన్ యాంట్, యాన్ ఎమ్మెల్యే. అక్షరం చూడకండి, మోత వినండి. గంటకి హెచ్ రాస్తారు గానీ పలకరు, అందుకని "యాన్ అవర్". యూనివర్సిటీలో నిజంగానే య పలుకుతారు, అందుకని "ఎ యూనివర్సిటీ".

నుంచి, లో, తో

"మూడేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను." దీన్ని "ఐ యామ్ స్టేయింగ్ హియర్ ఫ్రమ్ త్రీ ఇయర్స్" అనని తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. నన్నూ కలుపుకునే చెబుతున్నాను. ఇంగ్లీషు ఇక్కడ రెండు సంగతులు అడుగుతుంది. ఒకటి, మొదలై ఇంకా నడుస్తున్న పనికి "హ్యావ్ బీన్" కావాలి. రెండు, ఎంత కాలమో చెబితే "ఫర్", ఎప్పట్నుంచో చెబితే "సిన్స్". "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్." "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ 2022." మూడేళ్ళు అంటే పొడవు, 2022 అంటే గుంజ. పొడవుకి ఫర్, గుంజకి సిన్స్. హి, షి అయితే "హ్యాజ్ బీన్". "ఫ్రమ్"ని ఊళ్ళకి, ఆఫీసు టైమింగులకి ఉంచుకోండి.

"లో" చాలా వాటికి "ఇన్" అవుతుంది, "మీద" "ఆన్" అవుతుంది. కారులో అంటే "ఇన్ ద కార్", కానీ బస్సులో, రైల్లో అంటే "ఆన్ ద బస్", "ఆన్ ద ట్రెయిన్". లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగే బండి అయితే ఆన్ అని గుర్తు పెట్టుకోండి. టైముకి యాట్, రోజుకి ఆన్, నెలకీ ఏడాదికీ ఇన్.

"తో" దగ్గర రెండు మాటలు. ఫలానావాళ్ళతో పెళ్ళయింది అంటే "మ్యారీడ్ టు". "విత్" కాదు. గురించి చర్చించాం అంటే "డిస్కస్డ్" చాలు, "అబౌట్" అక్కర్లేదు. పొద్దున్న అంటే "టుడే మార్నింగ్" కాదు, "దిస్ మార్నింగ్". రాత్రి అంటే "ఎస్టర్డే నైట్" కాదు, "లాస్ట్ నైట్". ఇలాంటివి కనపడ్డప్పుడల్లా నోట్‌బుక్ చివరి పేజీలో చేర్చుకుంటూ పోండి.

రోజూ అరగంట ఎలా గడపాలి

మొదటి పది నిమిషాలు నిన్న జరిగిన మూడు సంగతులు రాయండి. గొప్పవి అక్కర్లేదు. గ్యాస్ బండ వచ్చింది, కరెంటు పోయింది, పిల్లాడు హోంవర్క్ చేయలేదు. ఆ మూడింటినీ కాదని రాయండి, తర్వాత ప్రశ్నలుగా మార్చండి. తొమ్మిది వాక్యాలు. ఇందులోనే క్రియ రూపాలు, డిడంట్, వరస అన్నీ అరిగిపోతాయి.

తర్వాత పది నిమిషాలు చదవండి. మొదట్లోనే ఇంగ్లీషు పేపరు ఎడిటోరియల్ జోలికి పోకండి, నీరసం వస్తుంది. ప్రభుత్వ బళ్ళ ద్విభాషా పాఠ్యపుస్తకాలు దొరికితే పట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో, తెలంగాణలో 2022–23లో మొదలయ్యాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆరో తరగతి సైన్స్ పుస్తకం మొదలుపెట్టడానికి బాగుంటుంది. తెలుగు పేజీ చదివి, ఇంగ్లీషులో ఎలా ఉంటుందో మనసులో అనుకుని, అప్పుడు ఎదురు పేజీ చూడండి. ఎదుటి ఫ్లాట్‌లో పిల్లల్ని అడిగితే పాతవి ఇస్తారు.

చివరి పది నిమిషాలు నోటికి. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఇంగ్లీషుకి మార్చి, రాసిన వాక్యాలే పైకి చెప్పండి. ఫోను ఏం టైప్ చేసిందో చూడండి. మీరు "స్" మింగేస్తే తరచుగా అక్కడ కూడా కనపడదు. ఎవరి ముందూ పరువు పోయే టెన్షన్ లేదు. నేను ఒకప్పుడు డబ్బు కట్టి చేరిన స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో నలభై మంది ఉండేవాళ్ళం, నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవాళ్ళు. ఫోను ఆ పని చేయదు.

తప్పు దొరికితే ఎర్ర పెన్నుతో కొట్టేయకండి. పక్కనే ఆ తప్పు వెనకున్న తెలుగు వాక్యం రాయండి. "ఫ్రమ్ త్రీ ఇయర్స్" పక్కన "మూడేళ్ళ నుంచి" అని. రెండు వారాలకి మీ తప్పులన్నీ నాలుగైదు తెలుగు వాక్యాల నుంచే వస్తున్నాయని కనపడుతుంది. అప్పుడు ఆ నాలుగింటి సంగతి చూస్తే చాలు.

చీమ దగ్గర ఆగకండి

కథలో చివరి వాక్యం కొంచెం గట్టిది, అందుకే ఆఖర్న పెట్టాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఇందులో "తే" ఉంది, అదే "ఇఫ్". "ఇఫ్ యు పుట్ యువర్ ఫింగర్ ఇన్ మై గోల్డెన్ యాంట్‌హిల్, వోంట్ ఐ బైట్?" ఇఫ్ ఉన్న ముక్కలో విల్ పెట్టకండి. "వేలు పెడతావు అయితే" అనం కదా, "పెడితే" అంటాం. విల్ రెండో ముక్కలోనే వస్తుంది, కాదనే రూపంలో అదే వోంట్.

ఈ వాక్యం వచ్చాక పిన్ని కథ మొత్తం ఇంగ్లీషులో చెప్పగలిగింది. ఆ పురిట్లో పుట్టిన మనవడికి ఇప్పుడు ఐదేళ్ళు, తెలుగు అర్థమవుతుంది గానీ పలకడు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో వాడికి కథ చెప్పింది. ఆవు దగ్గర ఒకసారి తడబడింది, నేను పక్కనుంచి అందించబోతే చేత్తో ఆగమంది. చీమ దాకా లాక్కొచ్చింది. వాడు కాసేపు ఆలోచించి, "సో ద ఫిష్ డిడంట్ డ్రై?" అన్నాడు.

పిన్ని నా వైపు ఒకసారి చూసి, ఫోన్ వైపు తిరిగింది. "నో," అంది. "ఇట్ డిడంట్."